బేసి బళ్ళలో సరి నంబరు

పసుపు రంగు కారు మీద వేలం సుత్తి పడింది మంగళవారం సాయంత్రం. గురువారం పొద్దున, పొడుగు అని అందరూ పిలిచే మనిషి శవం ఒక హోటల్ లిఫ్టులో దొరికింది.

గ్రాఫ్ రెండూ ఒకే పెన్నుతో రాసుకున్నాడు. టూ సీటర్, పసుపు, అంచనా ధర రెండు కోట్ల పది లక్షలు, పాట ఖరారు మూడు కోట్ల నలభై. దాని కింద గీత. గీత కింద, పొడుగు, లిఫ్టు, ఒక్క బుల్లెట్. పొడుగు అతనితోపాటు ట్రైనింగ్ అయిన ఏజెంట్. ఇద్దరూ పదహారేళ్ళు ఒకే క్యాంటీన్లో తిన్నారు. ఏడుపు రావాలి, రాలేదు. గ్రాఫ్ టీ తెప్పించుకుని తాగాడు, టీకి రుచి లేదు. ఆ రోజు పోయిన రుచి ఏడు నెలలైనా తిరిగి రాలేదు.

గూఢచారి అనగానే మీ కళ్ళముందు ఎవరెవరో మెదులుతారు. గ్రాఫ్‌ని మాత్రం ఆ వరసలో నిలబెట్టకండి. సర్వీసులో అతని పని ఇటాలియన్ స్పోర్ట్స్ కార్ల వేలం ధరలు చూడటం. పదకొండేళ్ళుగా అదే పని. అవతలి దేశపు ముఠాలు డబ్బు చేతులు మార్చుకునేది ఈ పాత బళ్ళ మీదే. మేడ కొంటే ప్రశ్నలు వస్తాయి. పాత కారుకి రెట్టింపు పాడితే, ఎరుపు రంగు మీద మోజు అని జనం నవ్వి ఊరుకుంటారు. అందుకని ఏ బండి ఎక్కడ ఎంతకి పోయిందో ఎవరో ఒకరు కూర్చుని రాయాలి. పొడుగు ముక్కు, పన్నెండు సిలిండర్ల బళ్ళని మోజుపడి కొన్న తరం ముసలిదైపోయింది, వాటి ధర ఏటేటా జారుతోంది. ఒకప్పుడు గది గోడకి పోస్టర్ అంటించుకున్న కుర్రాళ్ళ జేబులు ఇప్పుడు నిండాయి, ఆ పోస్టర్లో మేకులా కోసుగా ఉండే బండి ధర పెరుగుతోంది. చేత్తో గేరు మార్చే బండికి ఒక ధర, అదే బండి ఆటోమేటిక్ అయితే అందులో సగం. ఇదంతా అతని నాలుక చివర ఉంటుంది. సొంతానికి మాత్రం అతను బస్సెక్కుతాడు.

ఏడు నెలల తర్వాత ఒక సోమవారం పొద్దున చీఫ్ పిలిచాడు. బల్లమీద కొత్త వేలం క్యాటలాగ్ ఉంది.

"కూర్చో గ్రాఫ్."

"పర్లేదు సార్."

"కూర్చోమన్నాను కదా."

చీఫ్ రెండుసార్లు కూర్చోమన్నాడంటే కబురు మంచిది కాదు. గ్రాఫ్ కూర్చున్నాడు.

"పోయిన వారం నువ్వు పంపిన నోట్ చదివాను. మళ్ళీ ఒకసారి చెప్పు. బళ్ళ గొడవ తెలియనివాడికి చెప్పినట్టు చెప్పు."

"ఈ కంపెనీకి పాత రోజుల్లో ఒక పద్ధతి ఉండేది సార్. రోడ్డు మీద తిరిగే బండికి బేసి నంబరు, రేసు బండికి సరి నంబరు. ఛాసిస్ మీదే, అంటే బండి చట్రం మీదే కొట్టేవాళ్ళు. కలెక్టర్లందరికీ తెలిసిన సంగతే. ఈ రెండేళ్ళలో రెండు రోడ్డు బళ్ళు సరి నంబర్లతో వేలానికొచ్చాయి. రెండూ మార్కెట్ ధరని దాటి ఎక్కడికో పోయాయి. ఆ రెండు నంబర్లూ మన ఏజెంట్ల సర్వీస్ నంబర్లు. పసుపు బండి మీద ఉన్నది పొడుగుది."

"ఇది మూడోది." చీఫ్ క్యాటలాగ్ తిప్పాడు. పందొమ్మిదో లాట్, అంటే వరసలో పందొమ్మిదో బండి. రెండు తలుపుల ఎర్ర కూపే. ఛాసిస్ నంబరు 2846. "ఈ నంబరు ఎవరిదో తెలుసా?"

"తెలుసు సార్. మా బావది."

బావ అంటే గ్రాఫ్ అక్క భర్త. నాలుగేళ్ళుగా మారుపేరుతో అవతలి దేశంలో ఉన్నాడు.

"బండితోపాటు దాని చరిత్ర ఫైలు ఇస్తారు," అన్నాడు చీఫ్. "అందులో సీలు వేసిన కవరు. ఫోటో, మారుపేరు, అడ్రసు. సరి నంబరు చూస్తే అందులో కవరు ఉందని ముఠాలకి తెలిసిపోతుంది. బండి వంకతో మన మనిషిని వేలం వేస్తున్నారు. పాడేవాళ్ళెవరో మనకి తెలుసు. అమ్మేవాడు కావాలి. మన లోపలి సంగతి తెలిసినవాడెవడో ఉప్పందిస్తున్నాడు. అమ్మకం జరగనియ్యి. డబ్బు ఎటు పోతుందో వెంటపడితే వారంలో దొరుకుతాడు."

"మా బావకి కబురు?"

"శుక్రవారం దాకా దారి లేదు. నీకూ తెలుసు."

"వేలం రేపు సార్. పొడుగుకి రెండు రోజులే పట్టింది."

చీఫ్ కళ్ళజోడు తీసి తుడిచాడు. తుడిచిందే తుడిచాడు. "అందుకే నిన్ను కూర్చోమన్నాను," అన్నాడు.

గుండె గుభేలుమనాల్సిన చోట గ్రాఫ్‌కి తోచిందేమిటంటే, ఈ కూపేకి అంచనా ధర పది శాతం ఎక్కువ వేశారని. తన మీద తనకే రోత పుట్టాలి. అదీ పుట్టలేదు. "అలాగే సార్" అని క్యాటలాగ్ చంకలో పెట్టుకుని వచ్చేశాడు.

మంగళవారం పొద్దున అతను మీసం తీసేశాడు. అదే వేషం. ఒక ధనవంతురాలి కార్లు బాగుచేసే నిపుణుడిగా హాల్లో తిరగాలి. ఇంట్లో ఉండేది అతనూ, అక్కా. అక్క కాఫీ ఇస్తూ మొహంలోకి చూసింది గానీ మీసం సంగతి ఎత్తలేదు.

"ఏరా, మీ బావ సంగతి ఏమైనా తెలిసిందా?"

"బాగానే ఉన్నాట్ట." నాలుగేళ్ళుగా రోజూ ఇదే ప్రశ్న, రోజూ ఇదే జవాబు.

"ఎందుకో ఈ వారంలో వచ్చేస్తాడనిపిస్తోందిరా," అంది అక్క. ఆ మాట అంటూ చాలా రోజుల తర్వాత నవ్వింది. గ్రాఫ్ కప్పు సింకులో పెట్టి బస్సుకి వెళ్ళాడు.

వేలం హాలు ఒకప్పటి గోడౌన్. మైనం, రబ్బరు, పాత తోలు కలిసిన వాసన. గుమ్మంలో అతన్ని కలిసింది మేడమ్ క్యాటలాగ్. ఆ సంస్థలో ప్రతి బండి చరిత్రా రాసేది ఆవిడే. ఆరేళ్ళుగా సర్వీసుకి రహస్యంగా సమాచారం ఇచ్చేదీ ఆవిడే. నల్ల సూటు, ఎర్ర బూట్లు. ఆవిడ నడిచి వెళుతుంటే వేలం పాట పాడేవాళ్ళు అంకెలు మర్చిపోతారని ప్రతీతి.

"ఒరిజినల్ పెయింటేనాండీ?" అన్నాడు గ్రాఫ్. అది కోడ్.

"ఒక్కసారి వేయించాం," అందావిడ. అది జవాబు. తర్వాత గొంతు తగ్గించింది. "మూడు గుంపులు వచ్చాయి. కిటికీ దగ్గర తెల్ల కోటు. ఫోన్ల బల్ల దగ్గర కవలలు. వెనక వరసలో చేతికర్ర ఆయన."

గ్రాఫ్ ఎర్ర కూపే దగ్గరికి వెళ్ళాడు. జేబులోంచి పెయింట్ మందం కొలిచే మీటరు తీశాడు. బళ్ళు చూసేవాళ్ళందరి దగ్గరా ఉండేదే. అతని దాంట్లో మాత్రం పెయింటు లోపల ఏముందో చూపించే కన్ను ఒకటి అదనంగా ఉంది. ఇంజన్ పక్కన ఛాసిస్ పట్టీ అంతా నూట పది మైక్రాన్లు చూపించింది. 2846 అని రాసిన ప్లేటు అంచున మూడు వందల నలభై. మీటరు తెర మీద ప్లేటు వెనకనుంచి పాత అంకె మసగ్గా కనిపించింది. చివర ఏడు. బండి అసలుదే, నంబరు మాత్రం అతికించింది.

"క్యాటలాగ్లో నంబరు ఎవరు రాస్తారండీ?" అని అడిగాడు.

"నేనే. ఓనర్ కాగితాల్లో ఏముంటే అది."

"సరి నంబరు కదండీ."

"ఇక్కడ ఎవరూ గట్టిగా అడగరండీ. అనుమానం ఉన్నవాళ్ళు చేతులు కట్టుకు కూర్చుంటారు. అది ఈ హాలు మర్యాద." ఆవిడ నవ్వి వెళ్ళిపోయింది.

గ్రాఫ్ అక్కడే నిలబడిపోయాడు. సరి నంబరు వేస్తే నిజంగా కారు కావలసినవాడు పాట మానేస్తాడు. మిగిలేది కారు అక్కర్లేనివాళ్ళే. ఆవిడకి నంబరు పొరపాటని తెలుసు, ఆ పొరపాటే ఆవిడ జల్లెడ. ఆరేళ్ళు మనకి వార్తలు మోసిన మనిషి మన మనుషుల్ని అమ్ముతోంది. ఇంత తెలిసినా అతనికి కోపం రాలేదు. మరి బావ నంబరు ఆవిడ చేతికి ఎవరిచ్చారన్నది ఒక్కటే తేలలేదు.

మూడింటికి పందొమ్మిదో లాట్ వచ్చింది. కోటీ ఎనభైతో మొదలైంది. ఆ బండికి ఆ ఏడాది మార్కెట్ రెండు కోట్ల అరవై, మహా అయితే డెబ్భై. అది దాటేసరికి హాల్లో కలెక్టర్లందరూ చేతులు కట్టుకున్నారు. తెల్ల కోటు మూడు పాడాడు. కవలలు మూడుంబావు. చేతికర్ర గాల్లోకి లేచింది, మూడున్నర. పాట అంటారు గానీ అందులో రాగమూ లేదు, తాళమూ లేదు. బావ ప్రాణం లక్షల మీద లక్షలు ఎక్కుతోంది.

"నాలుగు కోట్లు, కిటికీ దగ్గర," అన్నాడు వేలందారు. "ఇంకెవరైనా? నాలుగు కోట్లు ఒకటోసారి."

చెవిలో దాచిన ఇయర్‌ఫోన్లో చీఫ్ గొంతు. "కదలకు గ్రాఫ్. పడనియ్యి."

"నాలుగు కోట్లు రెండోసారి."

సుత్తి లేచింది. గ్రాఫ్ కూడా లేచాడు. ఎందుకు లేచాడో అతనికే తెలియదు, కాళ్ళు లేచాయి.

"చిన్న సందేహమండీ. రోడ్డు బండికి సరి నంబరు ఎలా వచ్చింది?"

సుత్తి గాల్లోనే ఆగింది. పదకొండేళ్ళలో ఆ హాల్లో ఎవరూ అలా అడగలేదు.

"ఆ ప్లేటు కింద ఛాసిస్ మీద వేరే నంబరు ఉంది. చివర ఏడు. కావాలంటే ఊడదీసి చూడండి."

ముందు వరసలో ఒక ముసలి కలెక్టర్ గొంతు సవరించుకున్నాడు. "నాకూ అదే అనుమానం వచ్చిందయ్యా," అన్నాడు. ఆ మాట కోసమే కాచుకున్నట్టు ఇరవైమంది గొణిగారు. వేలందారుకి చెమటలు పట్టాయి. సుత్తిని బల్లమీద పడుకోబెట్టాడు. "పందొమ్మిదో లాట్‌ని వేలం నుంచి తప్పిస్తున్నాం," అన్నాడు.

"ఏం చేశావో తెలుసా నీకు?" చెవిలో చీఫ్.

"తెలుసు సార్. తప్పించిన బండి ఫైలు కౌంటర్ ఇనప్పెట్టెలోకి పోతుంది. ఓనరే స్వయంగా వచ్చి సంతకం పెట్టి తీసుకోవాలి. ఐదింటిలోపు రాకపోతే పోలీసులకి అప్పగిస్తారు. ఇక్కడి రూలు అది. మీకు వారం అక్కర్లేదు, రెండు గంటలు చాలు."

చీఫ్ తిట్టలేదు. కౌంటర్ చుట్టూ నలుగుర్ని పెట్టాడు. మేడమ్ క్యాటలాగ్ ఒక మూలకి వెళ్ళి ఎవరికో ఫోన్ చేయడం గ్రాఫ్ చూశాడు, ఆవిడ మీదా కన్నేసి ఉంచమని చీఫ్‌కి చెప్పాడు.

నాలుగూ నలభైకి ఓనర్ వచ్చింది. చేతిలో గొడుగు, భుజానికి గుడ్డ సంచీ, ఒక చెప్పుకి పిన్నీసు. కౌంటర్ మీదికి వంగి, అక్షరాలు కూడబలుక్కుంటూ సంతకం పెట్టింది.

"ఆడమనిషా?" అన్నాడు చీఫ్. "కెమెరాలో వీపే కనిపిస్తోంది. ఎవరు గ్రాఫ్? గుర్తుపట్టావా?"

ఏడు నెలల తర్వాత గ్రాఫ్‌కి మొట్టమొదటిసారి నొప్పి తెలిసింది. పొడుగు కోసం రాని ఏడుపు కూడా ఇప్పుడే వచ్చింది. తెలియదు సార్ అని ఒక్క మాట అంటే చాలు, వెనకాల ఎవరున్నారో చూడటానికి చీఫ్ వదిలేస్తాడు, ఆమె గొడుగు వేసుకుని వెళ్ళిపోతుంది. కవరు ఆమె సంచీలోనే వెళ్ళిపోతుంది.

"మా అక్క సార్," అన్నాడు.

అక్క తిరిగి చూసింది. కంగారు పడలేదు, సిగ్గుపడింది.

"నువ్వేంట్రా ఇక్కడ?"

"నువ్వేం చేస్తున్నావక్కా?"

"ఏం లేదురా. ఆ ఎర్ర బూట్లావిడ మీ ఆఫీసులోనే చేస్తానంది. ఇంటికొచ్చింది రెండు మూడుసార్లు. మీ బావ సంగతి బయటపడితే ఇంక అక్కడ ఉంచరట, ఇంటికి పంపించేస్తారట. ఒక ఫోటో, నంబరు, అడ్రసు ఉంటే చాలంది. నంబరు ఇన్సూరెన్స్ కాగితంలో ఉంది. అడ్రసు మీ బావ నాకు రాసిన కార్డు మీద ఉంది. రాయకూడదంట, అయినా ఒక్కటి రాశాడు. ఎవరిదో బండి నా పేరు మీద పెట్టుకుంటానంటే సంతకం చేశాను. పైసా తీసుకోలేదురా." కవరు అతనికి ఇచ్చింది. "నాలుగేళ్ళైంది. ఏదో ఒకటి చేయాలి కదా."

పక్క గుమ్మం దగ్గర ఎర్ర బూట్లు ఆగిపోయాయి. అటూ ఇటూ చీఫ్ మనుషులు. గ్రాఫ్ ముందునుంచి వెళుతూ ఆవిడ మామూలు గొంతుతోనే మాట్లాడింది. "మీ ఆఫీసులో ఒక్కడు కూడా అమ్ముడుపోలేదండీ. ఆరేళ్ళు వెతికాను. ఇంట్లోవాళ్ళే దొరుకుతారు, ఎదురుచూసి అలిసిపోయినవాళ్ళు. ఆ పొడుగాయన వాళ్ళ నాన్న ఎంత సంబరంగా సంతకం పెట్టాడనుకున్నారు?"

చీఫ్ స్వయంగా వచ్చాడు. అక్కకి కుర్చీ వేయించాడు. ఆమెని తీసుకెళ్ళక తప్పదని చాలా మర్యాదగా చెప్పాడు. ఆమె తల ఊపింది.

"మీ ఆయన విషయంలో భయపడకండమ్మా," అన్నాడు. "శుక్రవారం కబురు పంపించి వెనక్కి రప్పిస్తున్నాం. ఆదివారానికి ఇంట్లో ఉంటాడు."

అక్క మొహం వెలిగిపోయింది. తమ్ముడివైపు తిరిగింది.

"చూశావా? పంపించేస్తారని ఆవిడ చెప్పనే చెప్పింది."

గ్రాఫ్ నోరు తెరిచాడు. ఆ కవరు అమ్ముడుపోయుంటే ఆదివారానికి వచ్చేదేమిటో చెబుదామనుకున్నాడు.

"మీ బావ చొక్కాలు అల్మారాలో కింది అరలో ఉన్నాయి," అంది అక్క. "నీలంది పైన పెట్టు. నేనెక్కడని అడిగితే నువ్వే ఏదో ఒకటి చెప్పు."

అంత హాల్లో లేచి నిలబడి అడగ్గలిగినవాడు, అక్కతో మాత్రం "అలాగేనక్కా" అన్నాడు.