మరుపు రక్కసి కుండ

కుంతలగిరి రాజ్యాన్ని ఊదా జ్వరం వదిలిపెట్టింది. వదిలేలోగా ఇంటికొక మనిషినైనా పట్టుకుపోయింది. జ్వరం పట్టినవాళ్ల గోళ్లు ఊదారంగుకు తిరిగేవి, ఆ తర్వాత వాళ్లు ఎన్నాళ్లో బతికేవారు కారు. ఆ భయంతో రాజు రణభీముడు పిల్లలెవరూ గడప దాటకూడదని చాటింపు వేయించాడు. రెండు వానకాలాలు బడులు మూతపడ్డాయి. అందువల్ల చాలామంది పిల్లలు బతికి బయటపడ్డారు. ఆ మాట కాదనడానికి లేదు.

కాని తలుపులు తెరిచాక బయటికి వచ్చినవాళ్లు మునుపటి పిల్లలు కారు. పద్యాలు గడగడా అప్పజెప్పినవాళ్లకు ఓనమాలు రాలేదు. ఎక్కాలు ఎగిరిపోయాయి. పక్కన ఎవరైనా కూర్చుంటే దూరం జరిగేవారు. కొందరు కారణం లేకుండా కొట్టుకునేవారు, కొందరు బొత్తిగా మాట మానేశారు. విచిత్రమేమిటంటే, ఒక్కరూ ఏడ్చేవారు కారు.

రాజుకు జాలి కలగలేదు, సిగ్గు వేసింది. విజయదశమికి పొరుగు రాజ్యాల రాయబారులు వస్తారు. వాళ్ల ముందు తన రాజ్యం పిల్లలు నోరు తెరవకపోతే పరువేం కావాలి? పాత ఒజ్జలు జ్వరంలో పోయారు కనుక, వాళ్ల స్థానంలో దండపాణి అనేవాణ్ని బడికి పెద్దను చేశాడు. దండపాణి మిట్టమధ్యాహ్నం పిల్లల్ని ఆరుబయట కూర్చోబెట్టి, ఎండకు కాలిన ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దించేవాడు. వేళ్లు బొబ్బలెక్కినా ఆపనిచ్చేవాడు కాదు. అప్పటికీ రానివాళ్లను బండెక్కించి నల్లకొండ రాతిగనికి పంపేవాడు.

"బుర్ర పనిచేయకపోతే చేతులున్నాయిగా. రాళ్లు కొట్టనీ" అనేవాడు.

మొదటి బండిలో వెళ్లిన పిల్లల్లో ఇద్దరు బండరాయి కింద నలిగిపోయారని కబురు వచ్చింది. రాజు తాంబూలం నములుతూ ఆ కబురు విని, తర్వాతి సంగతి చెప్పమన్నాడు.

మేదరివాడలో కాటన అనే బుట్టలల్లేవాడు ఉండేవాడు. అతని భార్య జ్వరంలో పోయింది. కూతురు మైలమకు పద్నాలుగేళ్లు, కొడుకు సూరడికి ఏడేళ్లు. తల్లి పోయిన నాటినుంచి సూరడు ఒక్క మాట మాట్లాడలేదు. బడిలో 'అ' దిద్దమంటే వాడు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. దండపాణి ఆ చేతిని పట్టి ఇసుకలోకి అదిమాడు. చర్మం ఊడింది గాని వాడి కంట నీరు రాలేదు.

"ఎంత మొండివాడో చూశారా?" అని దండపాణి వాణ్ని తర్వాతి బండికోసం దొడ్డిలో కట్టేయించాడు.

మైలమ నేరుగా కొలువుకు వెళ్లింది. "ఏలినవారూ, మా తమ్ముడు మొండివాడు కాడు. వాడికేదో అయింది. కాస్త గడువివ్వండి" అని వేడుకుంది.

రాజు ఆమెవైపు సరిగా చూడను కూడా లేదు. "విజయదశమి దాకా ఇస్తాను. ఈలోగా వాడి నోరు తెరిపించు. లేదా వాడితో పాటు నువ్వూ బండెక్కు" అన్నాడు.

ఊరి మంత్రసాని గంగసాని ముసలిది, లోకం చూసినది. మైలమ చెప్పిందంతా విని, గొంతు తగ్గించింది. "జ్వరం వెనకాలే మరుపు రక్కసి వస్తాదే తల్లీ. పిల్లల లోపలున్నదంతా తాగేసి పోతాది. ముళ్లకొండ మీద దాని గుహ. అటు పోయినోళ్లని చూశాను గాని, తిరిగొచ్చినోళ్లని చూళ్లేదు."

ప్రయాణం కడుతున్న కూతురి చెయ్యి పట్టుకున్నాడు కాటన. "మీ అమ్మ పోయె. వాడు దొడ్డిలో ఉండె. నువ్వూ పోతే నేనెవరికోసం బుట్టలల్లాలే?"

"వస్తాను నాయనా. ఒకవేళ రాకపోతే మాత్రం బండి కదలనీకు. చక్రాల కింద పడుకో" అంది మైలమ. కాటన చెయ్యి వదిలేశాడు.

అడవిలో వెదురుపొదల మధ్య నడిచి నడిచి, ఆమె ఒక రాళ్ల మైదానం చేరింది. ఆ రాళ్లన్నిటికీ ముఖాలున్నాయి. చిన్న చిన్న ముఖాలు, భయంతో నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. మధ్యలో ఒంటిమీద పుట్ట పెరిగిన ఒక ముని కూర్చున్నాడు.

"నా ప్రశ్నకు జవాబు చెబితే దారి చూపిస్తాను. తప్పు చెబితే రాయివవుతావు. పుట్టకముందే చచ్చి, చచ్చాక పుట్టేదేది?" అని అడిగాడు.

మైలమ ఆలోచించింది. ఏదో ఒకటి చెప్పేయాలని నాలుక చివరిదాకా వచ్చింది. చుట్టూ ఉన్న ముఖాల్ని చూసి ఆగిపోయింది.

"నాకు తెలియదు స్వామీ" అంది.

ముని ఆమెను తేరిపార చూశాడు. "ఈ మాట చెప్పినదానివి నువ్వొక్కదానివే. నా ప్రశ్నకు జవాబు లేదు. నాకు భయపడి ఏదో ఒకటి చెప్పినవాళ్లే వీళ్లంతా" అని ఉత్తరం వైపు చెయ్యి చూపించాడు.

మైలమ కదలలేదు. "వీళ్లు మళ్లీ లేస్తారా?"

"లేవరు."

"అయితే తప్పు వీళ్లది కాదు, మీది. పిల్లల్ని భయపెట్టి అడిగారు."

ముని కళ్లు ఎర్రబడ్డాయి. ఆమె ఎడమచేతి చిటికెన వేలు చల్లబడి, బరువెక్కి, రాయి అయిపోయింది. ఆమె ఆ వేలిని మరో చేతిలో పట్టుకుని ఉత్తరానికి నడిచింది.

ముళ్లకొండ గోడలా నిటారుగా ఉంది. దాని అడుగున తాటిమాను పొడవున్న ఒక ఉడుము ఎండ కాచుకుంటోంది. మైలమను చూసి నాలుక చాచింది.

"పైకి పోవాలా? నా తోక పట్టుకో. కాని నా తోకంతా ముళ్లే. ఎక్కుతున్నంతసేపూ నీ అరచేతుల్లో దిగుతూనే ఉంటాయి. వదిలావంటే కింద రాళ్లున్నాయి."

"నొప్పి పుట్టకుండా మెల్లగా ఎక్కలేవా?"

"ఎక్కగలను. ఎక్కను. అరిచేవాళ్లంటే నాకు సరదా" అంది ఉడుము.

మైలమ తోకను పట్టుకుంది. ఉడుము కావాలనే తోక విసురుతూ ఎక్కింది. నెత్తురు మోచేతులదాకా కారింది. ఆమె అరిచింది, ఏమీ దాచుకోకుండా అరిచింది, కాని పట్టు మాత్రం సడలించలేదు. కొండ కొమ్ము మీద ఉడుము ఆమెను విదిలించి పారేసి, "నీది నాకంటే గట్టి పట్టు" అని సణుక్కుంటూ దిగిపోయింది.

గుహలో మరుపు రక్కసి కాళ్లు చాపుకుని కూర్చుంది. దాని నోరు ఎండిన బావిలా ఉంది. గొంతు మాత్రం జోలపాడే దాదిలా మెత్తగా ఉంది. పక్కన నల్లని కుండ ఒకటి ఉంది.

"దొంగ అని తిట్టకే పిల్లా. జ్వరమప్పుడు మీ పెద్దలేం చేశారు? ఏడ్చే పిల్లల నోళ్లు మూశారు. ఊరుకో, ఊరుకో అన్నారు. ఊరుకున్న ఏడుపంతా లోపల గడ్డకట్టింది. నాకది తేనె. దాన్ని తాగితే, దానికి అంటుకుని చదువూ వచ్చేసింది, ఆటా పాటా వచ్చేశాయి. పాలూ నీళ్లలా కలిసిపోయాయి. విడదీయడం నాకూ చేతకాదు."

"ఆ కుండ ఇవ్వు."

"అందులో నీ వంతూ ఉంది. ముందు అది తాగు. తాగి లేచి నిలబడితే కుండ నీది. లేవకపోతే నువ్వు నా కూడు."

మైలమ తాగింది. మరుక్షణం ఆమె ఇంటి లోపల, మూసిన గది తలుపు ముందు నిలబడి ఉంది. తల్లి తనే లోపలికి వెళ్లి, బయట గడియ పెట్టించి, "ఏం జరిగినా తలుపు తీయొద్దు, తమ్ముణ్ని పట్టుకో" అని ఒట్టు వేయించుకుంది. తర్వాత జ్వరం తలకెక్కి, ఆ ఒట్టు మరిచిపోయి, "దాహం తల్లీ, గుక్కెడు నీళ్లు" అని తలుపు గోకింది. తెల్లవార్లూ గోకింది. మైలమ తమ్ముడి చెవులు మూసి కూర్చుంది. తెల్లవారాక గోకుడు ఆగింది. అప్పుడామె లేచి, కళ్లలో తుడుచుకోవడానికి ఏమీ లేక, పొయ్యి వెలిగించి గంజి కాచింది.

ఆ రోజు రాని ఏడుపంతా ఇప్పుడు ఒక్కసారిగా వచ్చింది. ఊపిరి అందలేదు. రక్కసి నోరు తెరుచుకుని ఆమె మీదికి వంగింది.

"అమ్మా, నువ్వే తీయొద్దన్నావు. తీయాలనే ఉండింది. ఎంతో ఉండింది" అంటూ మైలమ నేలమీద మోకాళ్లూనింది. ఏడుస్తూనే ఒక కాలు ఆనించింది. ఏడుస్తూనే లేచి నిలబడింది.

రక్కసి నోరు మూసుకుంది. "ఒంటరిగా లేచినదాన్ని నిన్నొక్కదాన్నే చూశాను. మీ ఊరి పిల్లలు లేవలేరు. రోజుకొక గుక్క పట్టు. కావలసినవాళ్లు పక్కన కూర్చుని, ఏడుపు ఆగేదాకా పట్టుకోవాలి. తొందరపడి పోస్తే చస్తారు. తీసుకుపో. నాకేం, జ్వరాలు మళ్లీ రాకపోవు."

కొండ అవతలివైపు దారి సులువుగానే ఉంది. మైలమ ఊరు చేరేసరికి విజయదశమి కొలువు తీరి ఉంది. రాయబారులు ఆసనాల మీద ఉన్నారు. బయట బండి కట్టి ఉంది. కాటన దాని చక్రాల కింద పడుకుని ఉన్నాడు, భటులు అతన్ని బల్లేలతో పొడుస్తున్నారు.

మైలమ కుండ దించి, రక్కసి చెప్పిన పద్ధతి చెప్పింది. దండపాణి నవ్వాడు. "రోజుకొక గుక్కా? అందాకా రాయబారులు ఇక్కడే కాపురముంటారా?"

"నా కొడుకుతోనే మొదలుపెట్టు. నిండా పొయ్యి" అన్నాడు రాజు. తల్లిలేని యువరాజు కేతనుడు కూడా మాట మరిచిన సంగతి ఆ రోజుదాకా అంతఃపురం దాటలేదు.

"వద్దు ఏలినవారూ" అని మైలమ అడ్డం పడింది. భటులు ఆమెను వెనక్కి లాగారు. దండపాణి పిల్లవాడి ముక్కు మూసి గిన్నెడు పోశాడు.

కేతనుడు నిటారుగా నిలబడి శతకమంతా గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాడు. రాయబారులు చప్పట్లు కొట్టారు. శతకం అయిపోయింది, పిల్లవాడు ఆగలేదు. ఎక్కాలు, శ్లోకాలు, మళ్లీ పద్యాలు, గొంతు చీలిపోతున్నా ఆగలేదు. ముక్కులోంచి నెత్తురు కారింది. చప్పట్లు ఇంకా మోగుతుండగానే వాడు కీచుమని అరిచి కూలిపోయాడు.

మైలమ భటుల్ని విడిపించుకుని వాణ్ని ఒళ్లోకి తీసుకుంది. "ఏడువు బాబూ, ఏడువు" అంటూ నిమిరింది. పెదవులు నల్లబడుతున్నాయి. ఆమె తలెత్తి రాజును చూసింది. "ఇటు రండి. వీడికి నేను చాలను."

రాజు సింహాసనం దిగి వచ్చాడు. జ్వరం వచ్చిన నాటినుంచి అతను కొడుకును తాకలేదు. ఎలా ఎత్తుకోవాలో తెలియక చేతులు తడబడ్డాయి.

కేతనుడు కళ్లు తెరిచాడు. "అమ్మ పోయిన రోజు నన్ను ఏడవనివ్వలేదు. రాజులు ఏడవరన్నారు" అన్నాడు.

కొలువంతా చూస్తుండగా రణభీముడు కొడుకును గుండెకు అదుముకుని బావురుమన్నాడు. తండ్రీకొడుకులు సాయంత్రందాకా అలాగే ఉన్నారు. రాయబారులు ఒకరొకరే లేచి వెళ్లిపోయారు. యువరాజు బతికాడు గాని, ఆ రోజు పోయిన ఎడమ చెవి వినికిడి తిరిగి రాలేదు.

దండపాణిని గనికి పంపి, అక్కడున్న పిల్లల్ని ఒక్కొక్కరినీ అతని భుజాల మీదే కొండ దింపించారు. ఆ పైన రాళ్లు కొట్టే పని అతనికే మిగిలింది. గనిలో పోయిన ఇద్దరి ఇళ్లకు రాజు కాలినడకన వెళ్లాడు. ఒక తల్లి అతని ముఖం మీద ఉమ్మింది. రెండో తల్లి తలుపు తీయలేదు. రాజు పొద్దుగూకేదాకా ఆ వాకిట్లో నిలబడి తిరిగి వచ్చాడు.

బడి పెత్తనం మైలమకు అప్పగించారు. పిల్లవాడికొక పెద్ద చొప్పున తల్లులూ తండ్రులూ, ఎవరూ లేనివాళ్లకు ఇరుగుపొరుగులూ చావడిలో కూర్చునేవారు. రోజుకొక గుక్క. కొందరు గంటలకొద్దీ ఏడ్చేవారు, కొందరు కరిచేవారు. మరునాడు వాళ్లకు ఒక అక్షరం, ఒక పాట, ఒక స్నేహితుడి పేరు గుర్తొచ్చేవి.

సూరడు కాటన ఒళ్లో కూర్చుని మొదటి గుక్క తాగాడు. చాలాసేపటికి తలెత్తి, "అక్కా, అమ్మ నీళ్లడిగింది. నువ్వు చెవులు మూసినా వినబడింది" అన్నాడు.

"నాకూ వినబడిందిరా" అంది మైలమ. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. కాటన ఇద్దర్నీ కలిపి పట్టుకున్నాడు.

కుండ ఖాళీ కావడానికి ఏళ్లు పట్టింది. కేతనుడు రాజయ్యాక మైలమను తన కొలువులో పెద్ద ఒజ్జగా, తనకంటే ఎత్తైన పీట మీద కూర్చోబెట్టాడు. ఆమె పెత్తనంలో ఏ బడిలోనూ, నిద్ర పట్టిందా, ఏం తిన్నావు అని అడగకుండా పాఠం మొదలయ్యేది కాదు. ఇక సాయంత్రం బడి వదిలితే వీధుల్లో పిల్లల గోల ఎంత ఉండేదంటే, కునుకు తీస్తున్న ముసలివాళ్లు తిట్టుకుంటూ లేచి, కిటికీలు మూయబోయి, అక్కడే నిలబడి చూస్తుండిపోయేవారు.