సెల్లార్‌లో సంత

పాలకూర చూడ్డానికి వెళ్తే ఎదురుగా పట్టుచీర కట్టుకున్న అమ్మాయి వచ్చి కూర్చుంది. ఇలాంటప్పుడు ఏం చేయాలో శ్రీకర్‌కి ఎవరూ నేర్పలేదు. అతను దిల్‌సుఖ్‌నగర్‌లో బ్యాంకు పరీక్షలకు లెక్కలు చెప్పే మాస్టారు. ఆదివారాలు మాత్రం ఎల్బీ నగర్‌లో తన కాలనీ ఖాళీ స్థలంలో రైతుల సంత నడుపుతాడు. కొత్త రైతును చేర్చుకునే ముందు తోట కళ్ళారా చూడాలన్నది అతను పెట్టుకున్న రూలు.

అందుకే అమ్మ సీతామహాలక్ష్మిని వెంటబెట్టుకుని బాటసింగారం దాటి అంతయ్య తోటకి వచ్చాడు. ఒకరింటికి వట్టి చేతులతో వెళ్ళడం ఆవిడ వల్ల కాదు. పళ్ళు, పూలు, స్వీట్ డబ్బా పట్టుకొచ్చింది. సరిగ్గా ఆ రోజే బంధువు లచ్చయ్య ఒక సంబంధం పంపుతానని అంతయ్యకి చెప్పి ఉన్నాడు. ఇంకేముంది, వీళ్ళే పెళ్ళిచూపులకి వచ్చారనుకుని చాప పరిచారు, బజ్జీలు వేశారు.

"ఎన్ని ఎకరాలండీ? సొంతమా, కౌలా?" శ్రీకర్ తన పద్ధతిలో మొదలుపెట్టాడు.

అంతయ్య మొహం మాడింది. "పిల్లను చూడనీకి ఒచ్చిండ్రా సారూ, భూమి కొలవనీకి ఒచ్చిండ్రా?"

"నువ్వాగు నాయినా," అంది ఆ అమ్మాయి. చీర కొత్తదే గానీ పాదాలకి మడి బురద ఇంకా ఆరలేదు. "నా పేరు మౌనిక. వ్యవసాయం డిప్లొమా చేసిన. ఈ తోట ఇడిచిపెట్టి నేను యాడికీ రాను. మీరు మంచోళ్ళే కావొచ్చు. బజ్జీలు తిని పోండ్రి."

"నేను మీ పాలకూర కోసం వచ్చానండీ," అన్నాడు శ్రీకర్ బిక్కమొహం వేసి.

మౌనిక అతన్ని ఎగాదిగా చూసింది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పడీపడీ నవ్వింది. ఆ నవ్వు చూశాక శ్రీకర్ ఏ మడి దగ్గర ఏం పరిశీలించాడో అతనికే తెలియదు. తోట మాత్రం పాసైంది.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం మౌనిక ట్రాలీ ఆటో తనే నడుపుకుంటూ, పక్కన తండ్రిని కూర్చోబెట్టుకుని వచ్చేది.

"లెక్కలు చెప్పుకునేటోనికి గీ అంగడి లొల్లి ఎందుకు సార్?" అని అడిగింది ఒకరోజు.

"వాడిపోయిన తోటకూర కొన్నప్పుడల్లా మా అమ్మ మా ఊరు తలుచుకుని కళ్ళనీళ్ళు పెట్టుకునేది. అలా మొదలైందండీ."

"గట్లనా? నాకోసమే పెట్టిన్రనుకున్న," అని కొత్తిమీర కట్టలు సర్దుకుంది. శ్రీకర్ చిల్లర ఇవ్వాల్సిన ఆవిడకి రెండుసార్లు ఇచ్చేశాడు.

అంతా బాగుందనుకునేసరికి కాలనీ ప్రెసిడెంటు రామారావు పిలిచాడు. ఈ ఆదివారం జనం నిండుగా రాకపోతే, వచ్చే వారం నుంచి ఆ స్థలం కార్ల పార్కింగేనట. సంత పోతే రైతులందరూ మళ్ళీ దళారుల దగ్గరికే పోవాలి. శ్రీకర్‌కి ఇంకో బాధ కూడా ఉంది, అది అచ్చంగా స్వార్థం. సంత లేకపోతే మౌనిక ఇటు ఎందుకొస్తుంది?

తీరా ఆదివారం పగబట్టినట్టు వాన. స్థలం చెరువైపోయింది. తడిసిన గోనెల కింద ఆకుకూరలు, ట్రాలీల్లో ముడుచుకుని కూర్చున్న రైతులు. ఒక్క మనిషి కూడా రాలేదు.

"అయిపోయిందండీ. ఇంటికెళ్ళిపోండి," అన్నాడు శ్రీకర్.

"ఏంది అయిపోయింది?" మౌనిక ముంగురుల నుంచి నీళ్ళు కారుతున్నాయి. "జనం గీ వానల రోడ్డు మీదికి రారు. లిఫ్టు దిగనీకి గొడుగు గావాల్నా? అపార్ట్‌మెంట్ల సెల్లార్లు ఉన్నయి గదా. కార్లు తడవని కాడ కూరగాయలు తడుస్తయా?"

శ్రీకర్ ఆమె వైపు చూశాడు. ఆ చూపులో మెచ్చుకోలు ఉంది, ఇంకేదో కూడా ఉంది. మరుక్షణం పరుగున రామారావు అపార్ట్‌మెంటుకి వెళ్ళి తలుపు కొట్టాడు.

"మీ సెల్లారు ఈ ఒక్క పూటకి ఇవ్వండి అంకుల్. జనం రాకపోతే నేనే సంత ఎత్తేస్తాను."

"ఈ వానలో ఎవరొస్తారయ్యా? సరే, నీ సరదా ఎందుకు కాదనాలి," అన్నాడు రామారావు.

ఆయన ఒప్పుకున్నదే తడవు, ట్రాలీలన్నీ సెల్లార్లోకి దిగాయి. మౌనిక అక్కడి వాచ్‌మన్ మట్టయ్యని పట్టుకుంది. అతనిది వాళ్ళ పక్క ఊరు. "కాకా, ఇంటింటికి జర ఇంటర్‌కామ్ కొట్టు. పక్క అపార్ట్‌మెంట్లోళ్ళకు గూడ ఫోన్ చెయ్యి."

మట్టయ్య గొంతు అన్ని ఫ్లాట్లలోనూ మోగింది. ముందు నైటీ మీద చున్నీ వేసుకున్న ఒకావిడ సంచితో దిగింది. తర్వాత లిఫ్టుకి ఊపిరాడలేదు. పక్క అపార్ట్‌మెంట్ల నుంచి గొడుగులు వరస కట్టాయి. సొరకాయలు పోయాయి, బెండకాయలు పోయాయి, మునక్కాయల కోసం ఇద్దరు రిటైర్డు హెడ్మాస్టర్లు వాదించుకున్నారు. అసోసియేషన్ మీటింగుకి రామారావు కిందికి దిగేసరికి సభ్యులందరూ క్యూలోనే ఉన్నారు. ఆయన చేతిలోకి ఎవరో రెండు గోంగూర కట్టలు పెట్టారు.

"స్థలం మీదేనయ్యా, ప్రతి ఆదివారం. వాన పడితే మా సెల్లారు," అన్నాడాయన, గోంగూర వాసన చూస్తూ. రైతులు కొట్టిన చప్పట్లకి సెల్లారంతా దద్దరిల్లింది.

ఆ హోరులోనే శ్రీకర్ ధైర్యం చేశాడు. "మౌనికగారూ, సంత పోతుందని కాదు, మీరు రావడం మానేస్తారని భయపడ్డాను. మీరంటే నాకు చాలా ఇష్టం."

మౌనిక కాటా మీద వంకాయలు అలాగే వదిలేసింది. "తోట ఇడిచిపెట్టి రానని చెప్పిన గదా."

"మీరు రావద్దు. నేనే వస్తాను. బాటసింగారం నుంచి దిల్‌సుఖ్‌నగర్‌కి బస్సులున్నాయి."

ఆమె చెంపలు ఎర్రబడ్డాయి. తండ్రి వైపు తిరిగింది. "నాయినా, ఈ సారు తెల్లారకముందే లేస్తడా అడుగు. మళ్ళకు నీళ్ళు పెట్టాలె."

క్యూలో సంచి పట్టుకుని నిలబడ్డ సీతామహాలక్ష్మి అందుకుంది. "లేస్తాడమ్మా. లేపే పూచీ నాది."

అంతయ్య శ్రీకర్‌ని తేరిపార చూశాడు. తర్వాత నవ్వుతూ ట్రాలీ వైపు వేలు చూపించాడు. "గట్లయితే గా టమాట ట్రే దించు అల్లుడా. లైన్ల మంది నిలబడ్డరు."