గోనె పరదా వెనక ఆరు సిలిండర్లు

ఆ ఇంజను పాడవడానికి కారణం నాగూర్‌బీ చెయ్యి కాదు! మీరు! జగ్గయ్యపేట మోటారు షెడ్డుల ముందు బల్లలేసుకుని, టీలు తాగుతూ, "ఆడది పట్టిన పానాకి బోల్టు బిగుస్తుందా?" అని పళ్ళికిలించిన మగవాళ్ళారా... మీరు! మూడేళ్ళు భార్య చేత పని చేయించుకుని, నోరు విప్పాల్సిన రోజున నేలచూపులు చూసిన సిలార్... నువ్వు! వదిన కలిపి పెట్టిన ముద్దలు తిని పెరిగి, ఆమె పనిని నమ్మలేకపోయిన నాసర్... నువ్వు! ఈ మాట అనడానికి నాకు మొహమాటం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను, వినండి.

అది 1959. బెజవాడ నుంచి హైదరాబాదు పోయే రోడ్డు పక్కన సిలార్ షెడ్డు. రేకుల కప్పు, మసి పట్టిన గోడలు, వెనక మూలకి అడ్డంగా కట్టిన గోనెసంచుల పరదా. మూడేళ్ళ కిందట లారీ గేరుబాక్సు జారి సిలార్ కుడిచేతి మీద పడింది. చెయ్యి నిలిచింది కానీ రెండు వేళ్ళకి స్పర్శ పోయింది. బరువులెత్తగలడు, బోల్టులు విప్పగలడు... వెంట్రుకవాసి సందు ఉందో లేదో మాత్రం ఆ వేళ్ళకి తెలియదు. ఇంజను పనిలో ప్రాణమంతా ఆ వెంట్రుకవాసిలోనే ఉంది. అప్పటినుంచి సన్నపు పనంతా భార్య నాగూర్‌బీ చేసింది. అన్నం వార్చి, చేతులు కడుక్కుని పరదా వెనక్కి వెళ్ళేది. ఎవరన్నా షెడ్డులోకి వస్తే గాజులు చప్పుడు కాకుండా మోచేతి దాకా తోసుకునేది! అయినా బల్లల మీదివాళ్ళు అనుమానపడి, సిలార్ తమ్ముణ్ణి ఎక్కిరిస్తూనే ఉండేవాళ్ళు. తన పని తాను దొంగలా చేసుకోవడం... ఇదెక్కడి న్యాయం?

ఆ ఏడు ఎండాకాలం చివర్లో చందర్లపాడు వైపు నుంచి బుల్లిబాబు అనే రైతు తన పాత షెవర్లే కారు తీసుకొచ్చాడు. ముప్ఫై ఎనిమిదో సంవత్సరం నాటి బండి. ఆరు సిలిండర్లు ఒకే వరసలో బారుగా నిలబడి ఉంటాయి.

"సిలారూ, దీనికి బలం పెంచాలి," అన్నాడు. "కిందటేడు మా పెద్దమ్మాయి రత్నమణి... విన్నావుగా. నొప్పులొస్తే నందిగామ ఆసుపత్రికి తీసుకుపోతున్నాం. వాగు దాటి గట్టెక్కేచోట ఈ బండి ఆగిపోయింది. అయిదుగురం ఉన్నాం. కింద బురద. ఎద్దుల్ని తోలుకొచ్చి లాగించేసరికి..." అంటూ పైపంచె మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. పంచె దించి, "ఇప్పుడు చిన్నది కమలాకుమారి పురిటికొచ్చింది. శ్రావణంలో నెలలు నిండుతయ్. ఆ గట్టు ఆగకుండా ఎక్కాలి. నాకు అంతకంటే ఏం వద్దు!" అన్నాడు.

"కొత్త కారు కొనుక్కోరాదా బాబుగారూ?" అన్నాడు సిలార్ తమ్ముడు నాసర్.

"పేరు రాయించి రెండేళ్ళయిందిరా. అది వచ్చేనాటికి నా మనవడు నడుపుతాడు!"

పరదా వెనక నాగూర్‌బీ అంతా విన్నది. చేతిలో గుడ్డ అట్లాగే ఉండిపోయింది. బురదలో నిలబడిపోయిన బండి, లోపల బిడ్డని కనలేక అరిచి అరిచి గొంతు పోయిన పిల్ల... కళ్ళకి కట్టినట్టు కనపడింది. బుల్లిబాబు వెళ్ళగానే పరదా తోసుకుని బయటికొచ్చింది.

"ఏమయ్యా, దీనికి ఊపిరాడటం లేదు. ముక్కు మూసుకుపోయిన మనిషి గట్టెక్కగలడా? గాలిపోయే దారులన్నీ గరుగ్గా ఉన్నయ్, నున్నగా చేస్తా. హెడ్డు అడుగున కాస్త కోయించుకురా. మంట ఇరుకులో పడితే తోపు పెరుగుద్ది."

గాలిని బయటినుంచి కుక్కే యంత్రాలు వీళ్ళ దగ్గర ఎక్కడివి? ఇంజను తన ఊపిరి తానే నిండుగా పీల్చి బలం తెచ్చుకోవాలి. సిలిండర్ల మీద మూతలా కూర్చునే ఆ హెడ్డుని సిలార్ బెజవాడ తీసుకెళ్ళి కోయించుకొచ్చాడు. నాగూర్‌బీ ఆకురాయితో, గరుకు కాయితంతో గాలి దారులన్నీ అద్దంలా చేసింది. ఆ దారులకి తలుపుల్లాంటి పన్నెండు వాల్వుల్నీ వాటి గూళ్ళలో ఒక్కొక్కటే అరగదీసింది... వాల్వుకి అంటించిన కర్రని రెండు అరచేతుల మధ్య కవ్వంలా తిప్పుతూ! మజ్జిగ చిలికిన చెయ్యి అది. ఎక్కడ ఆపాలో దానికి తెలుసు. వీధి చివర కంసాలి బాలస్వామి తరాజు అడిగి తెప్పించి, ఆరు పిస్టన్లూ తూచి, బరువైనవాటిని లోపలివైపు గీకి ఆరింటినీ సమానం చేసింది.

చివరగా బేరింగులు. వీటి సంగతి కొంచెం తెలుసుకోండి, కథంతా ఇక్కడే ఉంది. పిస్టన్ రాడ్డు అడుగున, తిరిగే ఇరుసు చుట్టూ, బేరింగుని రెండు సగాలుగా బిగిస్తారు. ఆ సగాల మధ్య, ఇటూ అటూ, కాయితం కన్నా పల్చటి ఇత్తడి రేకులు పెడతారు. ఆ రేకులు ఉంచిన సందులోనే నూనె నిలుస్తుంది. నూనె నిలిస్తే ఇంజను బతుకుతుంది. నాగూర్‌బీ ఆ రేకుల్ని తన కుట్టు కత్తెరతో కోసి, పక్కకి మూడేసి పెట్టింది. ప్రతి రేకు మూలా ఒక చిన్న గాటు పెట్టింది. రాయడం రాని మనిషికి అదే సంతకం.

పనంతా అయ్యాక తల్లికి జ్వరమని కబురొస్తే రెడ్డిగూడెం వెళ్ళి రెండు రోజులుండి వచ్చింది. ఆమె వచ్చిన మర్నాడే బండి పరీక్ష. బుల్లిబాబు పక్కన కూర్చున్నాడు. నాసర్ నడిపాడు. కీసర దాకా పోయి రావాలని బయలుదేరినవాళ్ళు నందిగామ కూడా చేరలేదు. మధ్యాహ్నానికి లారీ వెనక తాడు కట్టించుకుని తిరిగొచ్చారు! మూడో సిలిండరు కింద బేరింగు కరిగిపోయింది.

షెడ్డు ముందు జనం మూగారు. బుల్లిబాబు నిప్పులు కక్కుతున్నాడు. "ఏందిరా సిలారూ ఇది? నా బిడ్డ ప్రాణం నీ చేతిలో పెడితే ఇదా నువ్వు చేసింది?"

సిలార్ నోరు తెరిచేలోగా నాసర్ అరిచాడు. "అన్న చేస్తే ఇట్టా అవుద్దా బాబుగారూ? ఇది అన్న పని కాదు! మూడేళ్ళ నుంచీ ఆ పరదా వెనక పని చేసేది మా వదిన!"

బల్ల మీద నుంచి ఒకడు, "అదీ సంగతి! గాజులతో బిగిస్తే ఇంతేగా!" అన్నాడు. అందరూ నవ్వారు. ఒక ఆడదాని మూడేళ్ళ చెమట మీద నవ్వారు!

నాగూర్‌బీ పరదా అంచు పట్టుకుని భర్త వంకే చూస్తోంది. ఒక్క మాట... 'నా భార్య చేసిన ఇంజన్లు యాభై ఇప్పుడు ఈ రోడ్డు మీద తిరుగుతున్నయ్' అని ఒక్క మాట! సిలార్ చచ్చుబడిన వేళ్ళని రెండో చేత్తో నలుపుకుంటూ నేలకేసి చూశాడు. "ఇక మీదట నువ్వు పానా ముట్టుకోమాక," అన్నాడు. ఆమె కళ్ళు తుడుచుకోలేదు. చేతులకి నూనె ఉంది మరి!

బండి షెడ్డులోనే పడి ఉంది. బెజవాడలో అడిగితే నెల పడుతుందన్నారు. కమలాకుమారికి పన్నెండు రోజులే ఉంది. మూడోనాడు బుల్లిబాబు తల్లి సీతారావమ్మ బస్సు దిగి, ముసలి కాళ్ళు ఈడ్చుకుంటూ షెడ్డులోకి వచ్చింది. ఎవర్నీ అడగలేదు. తిన్నగా వెళ్ళి పరదా ఎత్తింది.

"నువ్వేనా అమ్మాయ్, ఇంజను చేసింది?"

"నేనేనమ్మా..."

"మళ్ళీ చెయ్యగలవా?"

"ఎందుకు పోయిందో తెలిస్తే చేస్తా."

"అయితే విప్పి చూడు. ఓ పిల్లని ఆ గట్టు మింగింది. ఇంకోదాన్ని మింగకుండా ఉంటే చాలు, చేసేది ఆడో మగో నాకెందుకు? ఏవయ్యా సిలారూ, అడ్డం లే!"

సిలార్ బండి కింద దూరి, ఇంజను అడుగున నూనె ఉండే చాంబరు విప్పాడు. నాగూర్‌బీ బేరింగులు ఒక్కొక్కటే తీసి చూసింది. పక్కకి మూడేసి పెట్టిన రేకులు... రెండేసే ఉన్నాయి! ఆరు రాడ్లకీ అంతే. ఎవరో తీసి బిగించారు. సందు పోయింది. నూనె నిలవలేదు. హెడ్డు కోయించి పెంచిన తోపంతా ఆ పిడచగట్టిన బేరింగుల మీద పడింది.

ఎవరు? ఆ సాయంత్రం దొరికింది జవాబు. బావి దగ్గర నాగూర్‌బీ నాసర్ కాకీ చొక్కా ఉతుకుతుంటే జేబులో ఏదో గుచ్చుకుంది. పన్నెండు ఇత్తడి రేకులు! ప్రతిదాని మూలా ఆమె పెట్టిన గాటు!

ఆమె రేకుల్ని కొంగున ముడేసుకుని బావి గట్టున కూర్చుంది. అత్త పోయేనాటికి నాసర్‌కి ఆరేళ్ళు. కొత్త కోడలిగా వచ్చి ఆమె మొదట ఎత్తుకున్న బిడ్డ వాడు. ఆటలమ్మ పోస్తే పదిరోజులు వేపాకులతో విసురుతూ కూర్చుంది... ఆ చెయ్యి పెట్టిన రేకుల్ని వాడు నమ్మలేదు! బల్ల మీద వెధవలు ఎక్కిరిస్తే, ఇంజను తిప్పే హ్యాండిల్ తేలిగ్గా తిరగడం చూసి, ఆడదాని బిగింపు వదులని అనుకున్నాడు. చెబితే? వాడి మొహాన ఊరు ఉమ్మేస్తుంది. ఇంకెవరూ బండి చేతికివ్వరు.

చెప్పలేదు. ఆడపిల్లలకి మనం నేర్పి చచ్చిన గొప్ప గుణం ఇదే కదా! నింద తను మోస్తుంది, పేరు వాళ్ళకిస్తుంది. మూడో బేరింగుకి కుంపటి మీద తెల్లలోహం కరిగించి మళ్ళీ పోసింది. ఎక్కడ ఒరుసుకుంటుందో తెలియడానికి నీలం రంగు పూసి, అంటిన చోటల్లా గీకి, ఆ పన్నెండు రేకులూ వాటి చోట్లలో పెట్టి బిగించింది. ఆ పూట నాసర్ అన్నానికి కూర్చుంటే నెమ్మదిగా అంది.

"చొక్కా ఉతికా నాసర్. జేబులో ఉన్నవి ఎక్కడ ఉండాలో అక్కడ పెట్టా."

వాడి ముద్ద నోటిదాకా వెళ్ళలేదు. లేచి వెళ్ళిపోయాడు.

బండి ఊరు చేరింది. దాన్ని నడిపే నాసర్‌తోపాటు నాగూర్‌బీని కూడా పంపమంది సీతారావమ్మ. "ఇంజను కన్న మనిషి దాని పక్కనే ఉండాలి!" అని పట్టుబట్టింది. శ్రావణం రెండోవారం, ఒక ఉదయం, కుండపోత వానలో కమలాకుమారికి నొప్పులొచ్చాయి. నాసర్ నడుపుతున్నాడు, పక్కన నాగూర్‌బీ. వెనక కమలాకుమారి, తల్లి, నాయనమ్మ. తలుపు పక్కన వేలాడుతూ బుల్లిబాబు. వాగు మోకాలి లోతున పారుతోంది. దాటారు. ఎదురుగా గట్టు... ఎర్రటి బురద!

"నాయనమ్మా... అక్క ఇక్కడే కదూ..." అని ఏడ్చింది కమలాకుమారి.

"మాట్లాడకమ్మా... ఊపిరి పీల్చు!" అంది సీతారావమ్మ.

నాసర్ గట్టు ముందు వేగం తగ్గించాడు. నాగూర్‌బీ కళ్ళు మూసుకుని అరచెయ్యి ఎదుటి డాష్‌బోర్డుకి ఆనించింది. ఒకటి, రెండు, మూడు... ఆరూ ఒకే శృతిలో ఉన్నాయి. "తొక్కు నాసర్! భయపడమాక. అది నిలబడుద్ది. తొక్కు!"

వాడు తొక్కాడు. ఇంజను గుండెల నిండా గాలి పీల్చి ఒక్కసారి గర్జించింది. చక్రాలు జారాయి, పట్టాయి, మళ్ళీ జారాయి... పట్టాయి! రత్నమణి ప్రాణం పోయిన చోట ఒక్క క్షణం కూడా ఆగకుండా బండి గట్టెక్కింది. నందిగామ ఆసుపత్రిలో గంట తిరక్కుండా కమలాకుమారి ఆడపిల్లని కన్నది. తల్లీ బిడ్డా క్షేమం!

పదోనాడు బుల్లిబాబు చీర, పళ్ళు పట్టుకుని షెడ్డుకొచ్చాడు. బల్ల మీది పెద్దమనుషులు కూడా లేచి లోపలికొచ్చారు. "ఇందమ్మా నాగూర్‌బీ, మొదటిసారి నువ్వు చేసిన తప్పు మర్చిపోయాం. రెండోసారి దిద్దుకున్నావు. అంతే చాలు," అన్నాడు పెద్దమనసుతో.

అంతే! నాసర్ చేతిలోని పానా నేల మీద విసిరికొట్టాడు. "ఆమె ఏం దిద్దుకుంది బాబుగారూ? తప్పు నాది! వదిన ఊళ్ళో లేనప్పుడు రేకులు తీసింది నేను! వదులుగా ఉందనుకున్నా... వీళ్ళ నవ్వులకి సిగ్గుపడి తీసా! ఆమెకి తెలుసు. తెలిసీ నన్ను కాపాడింది!" అని వదిన కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. "అమ్మా..." అన్నాడు. పదహారేళ్ళలో మొదటిసారి వదినా అనలేదు.

నాగూర్‌బీ వాడి తల నిమిరింది. బల్ల మీది వాళ్ళలో ఒక్కడికీ నవ్వు రాలేదు. సిలార్ రెండు చేతుల్లో మొహం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. "నా నోరు పడిపోయింది నాగూరూ ఆరోజు... ఈ వేళ్ళతోపాటు నా నోరూ చచ్చింది..."

ఆమె చీర తీసుకుని కళ్ళకద్దుకుని పక్కన పెట్టింది. "ఏడవమాకయ్యా. నాకు చేసేదేమన్నా ఉంటే ఒక్కటి చెయ్యి. ఆ పరదా తీసెయ్యి. వెనక వెలుతురు చాలట్లా."

"నలుగురూ చూస్తారే..." అన్నాడు సిలార్, ఏడుపు మధ్యలో, అలవాటు కొద్దీ.

"చూడనీ."

సిలార్ ఇంకా కూర్చునే ఉన్నాడు. పరదా ఇంకా వేలాడుతూనే ఉంది.

కన్నీళ్ళు చాలు సిలార్! లే! ఎడంచెయ్యి బాగానే ఉందిగా, ఆ తాడు తెంపు. నాసర్, ఆ రెండో కొస నువ్వు పట్టుకో. బల్ల మీద కూర్చున్న మీరు, గుమ్మానికి అడ్డం తొలగండి, లోపలికి వెలుతురు రానీండి. జగ్గయ్యపేట నుంచి కీసర దాకా ఎన్ని షెడ్డుల్లో, ఎన్ని ఇళ్ళలో ఇలాంటి గోనెలు కట్టారో అన్నీ దించండి. రేపు కాదు, మంచిరోజు చూసుకుని కాదు... ఇప్పుడే!