పదింటి రీడింగ్

మచిలీపట్నంలో బ్రీఫింగ్ మూడు నిమిషాల్లో ముగిసింది.

"దేశంలో గ్యాస్ బావులు ఎంత మీథేన్ గాలిలోకి వదులుతున్నాయో అంచనా వేస్తున్నారు," అన్నాడు చీఫ్ వెంకటసుబ్రహ్మణ్యం. "శాంపిల్ బావి దివిసీమలో ఉంది. ఈరోజు పదింటి రీడింగ్‌నే మిగతా బావులన్నిటికీ లెక్కేస్తారు. అంకె మూడింతలైతే కాలుష్యం ఎక్కువని మన గ్యాస్ ఎవడూ కొనడు, ఓ విదేశీ ముఠా తన గ్యాస్ అమ్ముకుంటుంది. మీటర్‌ని ఎవరో కెలికారు, సాల్మన్ రాజు గారూ."

"అక్కడ మన ఏజెంట్ జెనిఫర్ ఉంది కదండీ?"

"ఉంది. మీరు సిఫార్సు చేసిన మనిషేగా. కోడ్ వర్డ్, నారు ముదిరింది."

తొమ్మిదిన్నరకి ఎరువుల సేల్స్‌మన్ వేషంలో అతను మీటర్ వ్యాన్ ఎక్కి ఆ మాట చెప్పాడు. జెనిఫర్ అందంగా నవ్వి పిస్టల్ తీసింది. రెండు నిమిషాల్లో అతని చేతులకి సంకెళ్ళు పడ్డాయి. బెల్ట్ బకిల్‌లోని ట్రాన్స్‌మిటర్ ఆమె మడమ కింద నలిగింది.

"గొట్టం బావికి కాదు, పక్క చేలో పెట్టాను," అందామె. "మీ అమ్మగారు కలుపుకి వెళ్ళేవారనీ, బురదలో కాలేస్తే బుడగలొస్తాయనీ నువ్వే చెప్పావుగా అన్నయ్యా. ఆ బుడగల్లో ఉండేది మీథేనే. ఐడియా నీదే."

అతని నోటికి టేప్ అంటించి, తలుపు తాళం వేసి, జనరేటర్ అవతల టెంట్‌లోకి వెళ్ళింది. అక్కడ సంతకం పెట్టాల్సిన తనిఖీ అధికారి తన్మయి కూర్చుని ఉంది.

వ్యాన్‌కి ఇటువైపు, ఆ చేలోనే ఇరవై మంది ఆడవాళ్ళు కలుపు తీస్తున్నారు. స్క్రీన్ మీద అంకె మూడింతలుంది. టైము 9:51.

సాల్మన్ రాజు రెండు కాళ్ళతో తలుపు తన్నాడు.

"బండిలో ఏదో కొట్టుకుంటోందే," అంది ఒకామె.

"ఏసీ అయ్యుంటుంది. చెయ్యి ఆడించు."

మళ్ళీ తన్నాడు. ఈసారి ఎవరూ తలెత్తలేదు. 9:54. ఇక చెయ్యగలిగింది వ్యాన్ నల్ల అద్దంలోంచి చూడటమే.

ముఠామేస్త్రి సత్యవతమ్మ నడుం పట్టుకుని లేచింది. "బువ్వ తిందాం పదండే."

"ఈ మడి అయ్యాక," అన్నాడు గట్టు మీద గొడుగేసుకున్న రైతు బసవయ్య.

"అయితే నువ్వే దిగు మావయ్యా. పొద్దున టీ కూడా పొయ్యలేదు."

బసవయ్య దిగలేదు. ఆడవాళ్ళు ఒక్కొక్కరే గట్టెక్కి క్యారేజీలు విప్పారు. 9:57. బురద కదలడం మానేసింది. స్క్రీన్ మీద అంకె జారింది, ఇంకా జారింది.

పదింటికి తన్మయి పెన్ను మూత తియ్యలేదు. టెంట్‌లోని స్క్రీన్ మీద అంకె వంక చూసింది. గట్టు వంక చూసింది.

"మీ బావి కూడా టిఫిన్‌కి ఆగుతుందా అండీ?"

జవాబు కోసం చూడకుండా గొట్టం పట్టుకుని నడిచింది. అది తిన్నగా చేలో దిగింది. అంచనా రద్దు.

జెనిఫర్ బైకెక్కి, నల్ల అద్దం అవతలున్న అతనికి చెయ్యి ఊపి మరీ వెళ్ళిపోయింది. అతను ఆమెని కూడా చూస్తూ ఉండిపోయాడు.

గంట తర్వాత ఎవరో తాళం పగలగొట్టాక చీఫ్ ఫోన్ చేశాడు.

"శభాష్. ఎలా ఆపారు?"

"నేనేం ఆపలేదు సార్. నన్ను కట్టేశారు."

"మరి రిపోర్ట్‌లో ఏం రాయమంటారు?"

సాల్మన్ రాజు గట్టు వంక చూశాడు.

"సత్యవతమ్మ గారికి ఆకలేసిందని రాయండి."