బోర్గిల్డ్ గారి బెంచీ

వాంగ్‌డేల్ చర్చిలో ఎడమవైపు మూడో బెంచీ మంచిది కాదు.

ఈ సంగతి ఊళ్లో చంటిపిల్లలకి కూడా తెలుసు. బోర్గిల్డ్ ట్వెయిట్ గారు ఆ బెంచీలోనే పోయారు—ఆదివారం నాడు, ప్రసంగం మధ్యలో. పోయారని ఆరాధన ముగిసేదాకా ఎవరికీ తెలియలేదు. ప్రసంగంలో ఆవిడ కళ్లు మూసుకోవడం కొత్తేం కాదు మరి.

అప్పట్నుంచి అందులో ఎవరూ కూర్చోరు. హీటరు ఎంత మండినా అక్కడ మాత్రం మోకాళ్లకి చల్లగా తగులుతుందట. పాస్టర్ గారి ప్రసంగం హద్దు దాటితే ఆ వైపు నుంచి ఓ చిన్న దగ్గు వినిపిస్తుందట. దగ్గు విన్నాక ఆయన ‘ఆమేన్’ దాకా రావడానికి ఆట్టే సేపు పట్టదట. అంతవరకూ ఆ దెయ్యం వల్ల ఊరికి లాభమే గానీ నష్టం లేదు.

చిక్కంతా సిగ్ని తిరిగొచ్చాక మొదలైంది.

సిగ్ని కుండలు చేసే పిల్ల. కొన్నేళ్లు మినియాపొలిస్‌లో ఉండి సొంతూరు చేరింది. వచ్చి చూస్తే ఏముంది—చర్చిలో బెంచీలెక్కువ, మనుషులు తక్కువ. ఇలాగైతే మూసేస్తామని, ఆ చుట్టుపక్కల చర్చిలన్నిటి మీదా అజమాయిషీ చేసే సినడ్ పెద్దలు కబురు పెట్టారు. శనివారం సాయంత్రం వాళ్ల మనిషి వచ్చి, చూసి, తేల్చేస్తుంది.

సిగ్నికి బాప్తిస్మం ఇచ్చింది ఆ చర్చిలోనే. దానికి తాళం పడిందంటే, చీకటి పడ్డాక ఊళ్లో నలుగురూ కలుసుకునే చోటు పెట్రోలు బంకు ఒక్కటే. అది తలుచుకుంటే ఆ పిల్లకి అన్నం... అదే, వాళ్లు రోజూ తినే హాట్‌డిష్ సయించలేదు.

“బెంచీలు తీసేసి గుండ్రటి బల్లలు వేద్దాం,” అంది సంఘం సమావేశంలో. “కాఫీ పెడదాం. బొమ్మలేసేవాళ్లు గోడలకి తగిలిస్తారు, పాడేవాళ్లు పాడతారు. ఆర్ట్స్ కేఫ్! కూలి వద్దు, పనంతా నేను చేసిపెడతా.”

సరేనని అందరూ చేతులెత్తారు. ఒక్క చెయ్యి తగ్గలేదు.

“ఆర్డిస్ గారూ, మీకెలా ఉంది?” ఆర్డిస్ క్వామ్ అంటే వంటింటి పెద్ద. ఆవిడ ఊ అనందే చర్చి వంటింట్లో చెంచా కదలదు.

“ఓ... అదో రకంగా ఉంది,” అంది ఆర్డిస్, తియ్యగా నవ్వుతూ.

“పామర్ బాబాయ్, మీకో?” పామర్ రడ్ పెళ్లి చేసుకోని ముసలి రైతు. చర్చిలో ఏ తలుపు కిర్రుమన్నా నూనె రాసేది ఆయనే.

“ఇంతకంటే అధ్వానంగా కూడా ఉండొచ్చు,” అన్నాడు పామర్.

సిగ్ని పొంగిపోయింది. పట్నంలో ఉండి ఊరివాళ్ల తీరు మరిచిపోయింది, పాపం.

బెంచీలు ఒకటొకటే ఊరివాళ్ల వసారాల్లోకి వెళ్లిపోయాయి. బోర్గిల్డ్ గారిది మాత్రం ఊరికే ఇస్తామన్నా పట్టుకెళ్లినవాడు లేడు. సరే, కోట్లు పడేసుకోవడానికి పనికొస్తుందని నలుగురు మగాళ్లు రొప్పుతూ దాన్ని వెనక గోడకి చేర్చారు.

తెల్లారి చూస్తే... ఎడమవైపు, పాత చోటే. కొత్త బల్లల నడుమ ఒంటరిగా—బలిపీఠం వైపు తిరిగి.

మళ్లీ గోడకి చేర్చారు. మర్నాడు మళ్లీ అక్కడే. నేల మీద గీత లేదు. బయట మోకాలి లోతు మంచు, లోపల ఒక్క తడి అడుగు లేదు.

రంగులేసే ఆయనకి నడుం పట్టేసింది. కాఫీ కాచే ఆవిడకి ఉన్నట్టుండి డులుత్‌లో ఉన్న చెల్లెలు గుర్తొచ్చింది. దెయ్యం అన్న మాట ఒక్కరూ అనలేదు. అంటే బోర్గిల్డ్ గారు నొచ్చుకోరూ?

శుక్రవారం బెంచీని మళ్లీ గోడకి చేర్పించి, రాత్రి సిగ్ని దీపాలార్పి, కాఫీ గట్టు వెనక దుప్పటి కప్పుకుని కూర్చుంది. రేపు సినడ్ మనిషి వచ్చేసరికి పనిచేసేవాళ్లే లేకపోతే ఇంకేం కేఫ్? ఇంకేం చర్చి? ఇవాళ ఆ దెయ్యమో, తనో!

ద్వారం మీది ఎర్ర దీపం ఒక్కటే వెలుగుతోంది. కింద హీటరు మూలుగుతోంది.

తలుపు తెరుచుకుందో లేదో తెలియలేదు. చల్లగాలి మాత్రం మెడకి తగిలింది.

అడుగుల చప్పుడు లేదు... ఊపిరి మాత్రం ఉంది. బెంచీకి ఒక చివర. కాసేపటికి—రెండో చివర కూడా.

సిగ్ని దుప్పటి అంచు నోట్లో కుక్కుకుంది.

బెంచీ లేచింది. ఈడ్చినట్టు కాదు—లేచింది! అంత ఓక్ చెక్క కాస్తా పీటలా గాల్లోకి లేచి, దేనికీ తగలకుండా, బల్లల మధ్య నుంచి తేలుకుంటూ వస్తోంది... దగ్గరికి... ఇంకా దగ్గరికి...

అప్పుడు వినిపించింది గుసగుస.

“థాంక్స్... బోర్గిల్డ్ గారూ.”

హీటరు కూడా మూలగడం మానేసింది.

ఆ ఊళ్లో ఎవరైనా థాంక్స్ అంటే బదులు చెప్పకుండా ఊరుకోవడం ప్రాణం పోయినా కుదరదు. రెండో చివర ఊపిరి బిగిసింది... తటపటాయించింది... ఇక ఆగలేకపోయింది.

“అయ్యో, దాందేముంది—”

ధబ్బున పడింది బెంచీ! రెండు కేకలు. మూడోది సిగ్నిది. తడుముకుంటూ వెళ్లి లైటు వేసింది.

ఈ చివర పామర్. ఆ చివర ఆర్డిస్. ఇద్దరికీ ఉన్ని మేజోళ్లు. బూట్లు బుద్ధిగా గుమ్మం బయట విడిచొచ్చారు. దెయ్యం పని మీద వస్తే మాత్రం, కడిగిన నేల తడిపేస్తారా?

“పామర్! మొన్నా నిన్నా కూడా నువ్వేనా? బోర్గిల్డ్ ఓ చెయ్యి వేస్తోందనుకున్నానే!”

“నేనూ అంతే. రెండు రాత్రులూ థాంక్స్ చెప్పకుండా వెళ్లిపోయానని మనసు పీకింది. అందుకే ఇవాళ...”

“బాగుంది సంబడం!” అంది సిగ్ని, గుండె అదిమి పట్టుకుని. “మరి సమావేశంలో చేతులెందుకెత్తారు?”

“అందరూ ఎత్తారుగా, అమ్మాయ్.”

“ఇష్టం లేదని ఒక్క ముక్క అనొచ్చుగా!”

నడివీధిలో చొక్కా విప్పమన్నట్టు ఇద్దరూ కాలర్లు సర్దుకున్నారు.

“అన్నానుగా,” అని గొణిగింది ఆర్డిస్. “అదో రకంగా ఉందని. ఇంకెంత అరవమంటావ్?”

పామర్ తన మేజోళ్ల వంక చూసుకున్నాడు. “నీ బల్లలు వేసుకో, పాటలు పెట్టుకో, కాదనను. నాది ఆవిడ వెనక వరస, సిగ్నీ. ఇన్నేళ్లూ ఆవిడ టోపీ చూస్తూనే దేవుణ్ని తలుచుకున్నా. అలాంటి మనిషిని కోట్ల కింద పడేస్తే ఎట్లా?”

సిగ్నికి తిట్టాలో నవ్వాలో తెలియలేదు. “సరే, ఇక్కడే ఉండనిద్దాం. వంకరగా పడింది, కాస్త తిన్నగా పెట్టండి.”

ఇద్దరూ చెరో చివర పట్టారు. కదల్లేదు. సిగ్ని కూడా వచ్చి పట్టింది. ఊహూఁ... పిసరంత కూడా కదల్లేదు.

“ఇందాక దూదిలా ఉందే,” అన్నాడు పామర్.

“నాకూ అంతే...”

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. “పొద్దుపోయింది,” అనుకుని ఎవరి బూట్లు వాళ్లు తొడుక్కున్నారు.

ఎవరితోనూ అనకూడదని ఒట్లు పెట్టుకున్నారు. ఆర్డిస్ ఒక్క అక్కతోనే అంది, అదీ ఫోన్లో, అదీ ఒక్కసారే. శనివారం సాయంత్రానికి చర్చి ముందు పికప్ బళ్లు రోడ్డు మలుపు దాకా బారులు తీరాయి.

కళ కోసం వచ్చినవాళ్లెవరూ లేరు. సిగ్ని కుండల్ని పక్కకి జరిపి కాఫీ కప్పులు పెట్టుకున్నారు. గోడ మీది బొమ్మలకి వీపులు ఆనించి మరీ నిలబడ్డారు—కళ్లన్నీ ఆ బెంచీ మీదే. అయినా ఒక్కరూ దాని దగ్గరికి పోలేదు. ఎవరో మొహమాటంగా అకార్డియన్ వాయించారు. ఆర్డిస్ బల్ల బల్లకీ లెఫ్సా రొట్టెలు పంచుతూ, “నేనేం అనలేదమ్మా,” అంటూనే కథ మొత్తం చెప్పుకొస్తోంది. ఆ కేఫ్‌లో ఆ పూట పండిన కళ ఏదైనా ఉందంటే అదొక్కటే.

సినడ్ నుంచి మిసెస్ హాగ్‌లండ్ ఆలస్యంగా వచ్చింది. ఆవిడకి ఈ గొడవేదీ తెలియదు. కాఫీ పుచ్చుకుని, జనంలోంచి దారి చేసుకుంటూ, తిన్నగా ఆ బెంచీ దగ్గరికి వెళ్లింది. నిలబడింది. కూర్చోలేదు.

హాలంతా గుటకలు మింగింది. సిగ్ని పరుగున వెళ్లింది.

“ఏం... ఏం తేల్చారండీ?”

“దాచడం ఎందుకు, మూసేద్దామనే వచ్చానమ్మా,” అంది మిసెస్ హాగ్‌లండ్, గొంతు తగ్గించి. “ఇంత నిండిన చర్చిని ఎవరు మూస్తారు చెప్పు?”

సిగ్ని కళ్లల్లో నీళ్లు తిరిగాయి. “కూర్చోండి మరి... ఇంత పెద్ద బెంచీ ఖాళీగా ఉందిగా.”

ఆవిడ వింతగా చూసింది. బెంచీ వైపు మర్యాదగా తల వంచి, సిగ్ని చెవిలో నెమ్మదిగా అంది—

“ఖాళీ ఎక్కడుందమ్మా? కాస్త జరగమందామంటే... పాపం, అందరూ పెద్దవాళ్లు.”