మూత వేసినా నిద్రపోదు

"మూత వేసినా నా ల్యాప్‌టాప్ నిద్రపోవడం లేదు."

హెడ్‌సెట్‌లో ఆ మాట వినగానే సీక్రెట్ ఏజెంట్ నిటారుగా కూర్చున్నాడు. అది హెడ్‌క్వార్టర్స్ ఇచ్చిన కోడ్. కోడ్ పెట్టేనాటికి ఈ కంపెనీ కొత్త ల్యాప్‌టాప్ ఇంకా మార్కెట్లోకి రాలేదు. తీరా వచ్చాక మొదటి బ్యాచ్ మొత్తానికీ అదే రోగం. కంపెనీ సపోర్ట్ సెంటర్లో ఉద్యోగి వేషంలో ఉన్న అతనికి, ఫోన్ చేసిన ప్రతివాళ్లూ కోడే చెబుతున్నారు.

"భోంచేశారా సార్?" అని పరీక్షగా అడిగాడు.

"సోది ఆపు."

చీఫే. కస్టమర్లయితే "తిన్నాను బాబూ, మరి నువ్వో?" అంటారు. ఈ ఊళ్లో అతన్ని ఆ మాట అడిగేది వాళ్లే.

"విను. ఆ జబ్బుకు కాసేపట్లో ఫర్మ్‌వేర్ అప్‌డేట్ పంపుతున్నారు. విదేశీ ముఠా అందులో తన ప్రోగ్రామ్ దూర్చింది. అది చేరితే ప్రతి ల్యాప్‌టాప్ మైకూ వాళ్ల చెవే. రక్షణ శాఖలో ఉన్నవన్నీ ఆ బ్యాచ్‌వే."

"దూర్చిందెవరు?"

"నెమలి."

నెమలి తమ ఏజెంటే. ఫర్మ్‌వేర్ విభాగంలో చేర్పించింది చీఫే. లిఫ్ట్‌లో ఎదురైతే ముక్కూమొహం తెలియనట్టు పక్కపక్కన నిలబడేవారు. ఆమె సెంటు వాసన చొక్కాకు అంటుకుని అతని గదిదాకా వచ్చేది. అక్కడ అతనికున్న తోడు అదొక్కటే.

స్క్రూడ్రైవర్‌లో దాచిన మాస్టర్ కీతో, అప్‌డేట్లు పంపే రిలీజ్ రూమ్ తలుపు తీశాడు. ఎర్రటి లిప్‌స్టిక్, చెక్కుచెదరని జుట్టు. నెమలి ముందున్న ల్యాప్‌టాప్‌లో అప్‌లోడ్ తొంభై శాతం దాటింది.

"రెండు పడవల మీద కాళ్లా?" అన్నాడు.

"ఒడ్డునుంచి ఎవరూ చెయ్యి అందించకపోతే ఏం చెయ్యమంటావ్?" నవ్వి, మూత వేసేసింది. "సరే, ఆపేశాను. పద, కాఫీ తాగి అరెస్టవుతాను."

ఇంతవరకూ తనను కాఫీకి రమ్మన్నవాళ్లే లేరు. ఆమె వెంట గుమ్మందాకా నడిచాడు. వెనక ఏదో సన్నగా రొద. ల్యాప్‌టాప్ ఫ్యాన్. మొదటి బ్యాచ్.

ఒక్క ఉదుటున వెనక్కి దూకి మూత తీశాడు. తొంభై తొమ్మిది. నెట్‌వర్క్ కేబుల్ పీకేశాడు. తెరమీద 'అప్‌లోడ్ విఫలం' అని వచ్చింది.

నెమలి అతన్ని వింతగా చూసింది. "ఆ ఫోన్ల గోలంతా నిజంగానే వినేవాడివా?"

"నాతో మాట్లాడేది వాళ్లే కదా."

చీఫ్ పంపిన గార్డులు వచ్చి తీసుకెళ్తుంటే వెనక్కి తిరిగింది. "కాఫీ మాట మాత్రం నిజమే."

అతను సీటుకొచ్చేసరికి చీఫ్ లైన్లో ఉన్నాడు. "శభాష్. ఇక ఆ కుర్చీ ఖాళీ చెయ్."

"అసలు జబ్బు కుదరలేదు సార్. సరైన అప్‌డేట్ రావాలి."

"అది కంపెనీ తలనొప్పి. నీకెందుకోయ్?"

బోర్డు మీద కాల్స్ మినుకుమినుకుమంటున్నాయి.

"లైన్లోనే ఉండండి సార్. మీ కాల్ మాకు చాలా ముఖ్యం" అని చీఫ్‌కు మ్యూజిక్ పెట్టి, తరవాతి కాల్ ఎత్తాడు.