ఎకో పోయేదాకా మాట్లాడండి

"నా మాట నాకే తిరిగొచ్చి తలకాయ తింటుంది. ఎవలు జేసిన్రు గీ పని?"

హెడ్‌సెట్‌లో గౌతమి గొంతు వినగానే తేజేష్‌కి చెమటలు పట్టాయి. ఆమె ఫ్లోర్ మేనేజర్. చేరిన రోజు నుంచీ ఇదే వరస, ఆమె తిట్టడం, ఇతను లోలోపల మురిసిపోవడం.

నాచారం స్టూడియోలో ఇంకాసేపట్లో డాన్స్ షో లైవ్. కంట్రోల్ రూమ్‌లో డైరెక్టర్ మూర్తిగారికి వైరున్న ఇంటర్‌కామ్. సెట్ అంతా పరుగులు తీసే గౌతమికి వైర్‌లెస్. ఆ రెంటినీ ఒక పెట్టెతో కలపడం తేజేష్ పని. సరిగ్గా కలవకపోతే ఎవరి గొంతు వాళ్ల చెవిలోనే ఎకో కొడుతుంది. అది పోవాలంటే అవతల ఒకరు ఆగకుండా మాట్లాడాలి, ఇవతల ఇతను స్క్రూ తిప్పాలి.

"ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండండి."

"ఏం మాట్లాడాలె? రేపు నన్ను సూడనీకి వరంగల్ నుంచి వస్తున్నరు. పిలగాడు బ్యాంకుల జేస్తడంట. మా బాపుకు మస్తు నచ్చిండు."

తేజేష్ చెయ్యి ఆగిపోయింది. ఈ సంబంధం కుదిరితే ఈ గొంతు ఇక వినబడదు.

"అందరూ వింటున్నారండీ."

"విననియ్. మాట్లాడమన్నది నువ్వే గదా."

"ఎకో పోయిందా?"

"లే. ఇంకా వస్తుంది. నేనైతే ఇంకా ఏం జెప్పలే ఇంట్ల. ఎవలన్నా అడ్డం జెప్తరేమోనని సూస్తున్న."

"సరే, మాట్లాడుతూనే ఉండండి," అన్నాడు తేజేష్. ఇంజనీరింగ్ చదివిన బుర్ర కదా, పెట్టెనే అనుమానించింది. స్క్రూ అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. కూర్చున్నాడు, లేచాడు. మీటరు చూస్తే అంతా బాగానే ఉంది.

"దుర్గేష్ అన్నా, నీ హెడ్‌సెట్‌లో ఎకో వస్తోందా?" అని అదే వైర్‌లెస్ లైన్లో ఉన్న కెమెరామన్‌ని అడిగాడు.

"ఎప్పుడో పోయింది తమ్మీ. ఆ పిల్లకు గూడ పోయే ఉంటది. పెట్టెను ఇడిసిపెట్టి జర మనిషితోని మాట్లాడు."

అప్పటికి వెలిగింది తేజేష్‌కి. ఇంతసేపూ ఆమె మాట్లాడుతోంది పెట్టె కోసం కాదు.

"గౌతమి గారూ, రేపు వాళ్లని రావద్దనండి. మీరంటే నాకు ఇష్టం."

కంట్రోల్ రూమ్‌లోంచి మూర్తిగారు దగ్గారు.

"అమ్మా, జవాబేదో చెప్పేస్తే షో మొదలెడదాం."

"నాకు జెప్తే ఏమైతది సార్? మా బాపుకు జెప్పాలె."

"చెబుతాను. మేడిపల్లిలో మీ ఇంటికే వచ్చి చెబుతాను," అన్నాడు తేజేష్.

గౌతమి గొంతు తగ్గించింది.

"అయితే పొద్దుగాల్నే రా. వాళ్లకంటే ముందుగాల రా."